ఒకరు విని, ఇంకొకరు తేలిస్తే

ఈసారి కాస్త పొడుగే అయింది. తీరిక చూసుకుని చదవండి.

పోయిన వారం మన గ్రూపులో గుణుపురం నుంచి ఒక సభ్యుడు అడిగారు. "మా అమ్మాయి ఎల్‌ఎల్‌బీ రెండో ఏడు. మిగతావన్నీ ఫర్వాలేదు గానీ అడ్మినిస్ట్రేటివ్ లా ఒక్కటీ బుర్రకెక్కడం లేదంటోంది. ఏ గైడు కొనమంటారు?" కింద పదిమంది పది గైడ్ల పేర్లు పెట్టారు. అందులో ఏది కొన్నా పాసవుతుంది. కానీ ఆ అమ్మాయి చెప్పింది బుర్రకెక్కడం లేదని. పాసవడం, బుర్రకెక్కడం వేరువేరు సంగతులని ఈ సబ్జెక్టు చెప్పే ఎవరినడిగినా ఒప్పుకుంటారు, బయటికి అనరు గానీ. ఆయనకు రెండు ముక్కల్లో జవాబిద్దామని మొదలుపెడితే ఇదిగో, ఇంత అయింది.

లాయర్లు కానివాళ్ల కోసం ముందు ఒక మాట. అడ్మినిస్ట్రేటివ్ లా అంటే ఆఫీసు చేతిలో ఉన్న అధికారానికి కట్టే గట్టు. క్రిమినల్ లా మనలో చాలామంది గడప తొక్కదు, ఆ మజ్జిగౌరమ్మ దయ. విడాకుల చట్టమూ అంతే. కానీ ఆఫీసు కాగితం తగలని ఇల్లు రాయగడలో గానీ కోరాపుట్‌లో గానీ ఒక్కటి చూపించండి. కులం సర్టిఫికెట్టు, రేషన్ కార్డు, షాపు లైసెన్సు, బస్సు పర్మిట్టు, పింఛను, పట్టాలో పేరు మార్పు. పైగా మన రెండు జిల్లాలూ పూర్తిగా అయిదో షెడ్యూలు ప్రాంతం. గిరిజనుల భూమి చేతులు మారడాన్ని అదుపు చేసే 1956 నాటి 2వ నంబరు రెగ్యులేషన్ ఇక్కడ ఉంది. ఆ భూముల తగాదాలు సివిల్ కోర్టు కన్నా ముందు రెవెన్యూ అధికారి బల్ల మీదికి వస్తాయి. అంటే మిగతా ఊళ్లలో జడ్జి చేసే పని ఇక్కడ కొంతవరకు ఆఫీసరు చేస్తాడు. ఈ సబ్జెక్టు బాగా తెలిసిన పిల్లలు అవసరమైన చోటు ఏదైనా ఉందంటే అది మనదే.

మరి పిల్లలు ఎలా చదువుతున్నారు? పదహారు మార్కుల ప్రశ్నకు ఒక అచ్చు ఉంది. మొదట నిర్వచనాలు: డైసీ ఇలా అన్నాడు, జెన్నింగ్స్ అలా అన్నాడు. తర్వాత లక్షణాలు, ఆరో ఏడో. మధ్యలో నాలుగు కేసుల పేర్లు, కింద గీత. చివర ఒక ముగింపు, అదీ గైడులో ఉన్నదే. చేతిరాత బాగుంటే పది మార్కులు ఖాయం.

దీనికి ఒక ఉదాహరణ చెబితే మీకు విషయం తెలుస్తుంది. "వెడ్నెస్‌బరీ సూత్రం" అని ఒకటి ఉంది. బుద్ధి ఉన్న ఏ అధికారీ తీసుకోనంత అసంగతమైన నిర్ణయమైతే కోర్టు కొట్టేయవచ్చు అని దాని సారాంశం. 1947 నాటి ఇంగ్లండు కేసు. ఈ సూత్రాన్ని గడగడా అప్పజెప్పే పిల్లలను ఒక ప్రశ్న అడుగుతాను: ఆ కేసులో గెలిచింది ఎవరు? అందరూ సినిమా హాలు వాళ్లే అంటారు. కాదు, ఓడిపోయారు. ఆదివారం ఆటకు పదిహేనేళ్ల లోపు పిల్లలను రానివ్వకూడదని ఊరి కార్పొరేషన్ షరతు పెడితే, అదేమీ అంత అసంగతం కాదని కోర్టు వదిలేసింది. వెడ్నెస్‌బరీ అంటే జడ్జిగారి పేరనుకునే వాళ్లు కూడా ఏటా ఒకరిద్దరు తగులుతారు. అది ఊరి పేరు. నవ్వుకోవడానికి చెప్పడం లేదు. సూత్రం నోటికొచ్చింది, కథ రాలేదు. కథ రాకపోతే ఆ సూత్రం ఎంత గట్టిదో, ఎక్కడ పనికిరాదో తెలియదు. కోర్టు అంత సులువుగా ఆఫీసరు పనిలో వేలు పెట్టదన్నది ఆ కేసులో అసలు పాఠం. దాన్ని తిరగేసి నేర్చుకుంటున్నారు.

పిల్లలు బద్ధకస్తులని అనడం అన్యాయం. 1976లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్టన్, సాల్యో అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక వ్యాసం ఇచ్చి, చదివాక ప్రశ్నలుంటాయని చెప్పారు. కొందరు ఏ ముక్క అడుగుతారో అని ముక్కలు పట్టుకుంటూ చదివారు. కొందరు రాసినవాడు ఏం చెప్పదలచుకున్నాడో చూస్తూ చదివారు. మొదటిదాన్ని పైపై చదువు, రెండోదాన్ని లోతు చదువు అన్నారు. 'డీప్ లెర్నింగ్' అంటే ఇప్పుడు పిల్లలు కంప్యూటరు సంగతి అనుకుంటారు గానీ, చదువుల్లో ఈ మాట అప్పటిది. వాళ్ల పరిశోధనలో నాకు ముఖ్యంగా తోచింది ఇది: ఎలా చదవాలన్నది చాలావరకు ఏం అడుగుతారన్న అంచనాను బట్టి ఉంటుంది. అడిగేవాళ్లు ముక్కలు అడుగుతుంటే ముక్కలు బట్టీ పట్టడం తెలివైన పనే. అందుకని మారాల్సింది ముందు అడిగేవాళ్లు.

మొదటి క్లాసులో నేను పుస్తకం తెరవను. ఒక ఆర్డరు జెరాక్సు పంచుతాను. పేరు, ఊరు, నంబరు నల్లటి స్కెచ్ పెన్నుతో కొట్టేసి ఉంటాయి. అందులో ఒకటిన్నర లైన్లు: "దరఖాస్తు పరిశీలించడమైనది. అంగీకారయోగ్యం కానందున తిరస్కరించడమైనది." అంతే. పిల్లలకు ఇది చూస్తే ఏమీ అనిపించదు. చిన్నప్పటి నుంచి చూస్తున్న భాషే కదా. అప్పుడు అడుగుతాను: ఇది రాసింది ఎవరు? ఆయనకు ఈ అధికారం ఏ సెక్షను ఇచ్చింది? కాగితంలో ఆ సెక్షను ఉందా? దరఖాస్తు పెట్టినావిడను పిలిచి మాట్లాడారా? ఎందుకు అంగీకారయోగ్యం కాదు? దీని మీద ఎక్కడికి, ఎన్ని రోజుల్లోగా వెళ్లాలి? ఒక్కదానికీ కాగితంలో జవాబు ఉండదు. క్లాసు నెమ్మదిగా సద్దుమణుగుతుంది. సమాచార హక్కు చట్టం తీసి 4(1)(డి) చదవమంటాను. ప్రభుత్వ ఆఫీసు తన నిర్ణయాలకు కారణాలు వాటివల్ల నష్టపోయేవాళ్లకు చెప్పాలి అని 2005 నుంచి అక్కడ రాసి ఉంది. దరఖాస్తు చేయకుండానే చెప్పాలి. ఈ చిన్న క్లాజు చాలామంది వకీళ్లకు కూడా తట్టదు.

ఆ క్లాసులోనే ఇంకో పని. "డిస్క్రిషన్" అన్న మాటను మీ ఇంటి భాషలో చెప్పమంటాను. క్లాసులో తెలుగు వాళ్లు, ఒడియా వాళ్లు, దేశియా మాట్లాడేవాళ్లు, కువి మాట్లాడేవాళ్లు ఉంటారు. మనవాళ్లలో నిఘంటువు చూసినవాడు "విచక్షణ" అంటాడు. ఓసారి వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు, పగలు ఎరువుల కొట్లో లెక్కలు రాసి చదువుకునేవాడు, "సారు ఇష్టం" అన్నాడు. అందరూ నవ్వారు. నేను రెండు మాటలూ బోర్డు మీద పక్కపక్కన రాశాను. విచక్షణ. సారు ఇష్టం. ఈ రెండింటి మధ్య దూరమే ఈ ఏడాది మనం చదవబోయేది అని చెప్పాను. ఇప్పుడు ప్రతి బ్యాచికీ ముందుగా ఆ రెండు మాటలే రాస్తున్నాను. ఏ గైడులోనూ అంతకన్నా మంచి నిర్వచనం నాకు కనపడలేదు.

ఇక కేసుల దగ్గరికి. మన తెలుగువాళ్ల కేసు ఒకటి దేశమంతా లా కాలేజీల్లో చెబుతారు, మనలో ఎంతమందికి తెలుసో గానీ. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు. కృష్ణా జిల్లా ప్రైవేటు బస్సుల యజమానులు. రూట్లను ఆర్టీసీ తీసుకుంటానని స్కీము వేసింది. చట్టం ప్రకారం అభ్యంతరాలు విని ప్రభుత్వం తేల్చాలి. రవాణా శాఖ కార్యదర్శి కూర్చుని విన్నాడు. ఫైలు మీద నిర్ణయం చేసి సంతకం పెట్టింది ముఖ్యమంత్రి. 1958 నవంబరులో సుప్రీంకోర్టు ఇది చెల్లదంది. తీర్పు రాసింది మన రాజమండ్రి కోకా సుబ్బారావుగారు. వినేవాడొకడు, తేల్చేవాడొకడు అయితే ఆ వినడం ఉత్త తంతు అన్నది అందులో సారం. తన శాఖ స్కీము మీద వచ్చిన అభ్యంతరాలను ఆ శాఖ అధిపతే వినడమేమిటన్నది రెండో తప్పు.

దీన్ని పాఠంగా చెబితే అయిదు నిమిషాలు. అప్పజెప్పించుకుంటే ఒక మార్కు. నేను చెప్పను, ఆడిస్తాను. బస్టాండు పక్క టీ కొట్లు ఖాళీ చేయించాలని మున్సిపాలిటీ అనుకుందనుకోండి. ముగ్గురు పిల్లలు కొట్టువాళ్లు. ఒకడు కూర్చుని వాళ్ల గోడు వింటాడు, రెండు లైన్ల నోటు రాస్తాడు. వరండాలో నిలబెట్టిన ఇంకొకడిని లోపలికి పిలిచి ఆ నోటు చేతికిస్తాం. అది చూసి తేల్చాలి. "ఖాళీ చేయించవచ్చు" అని రాశాడు. కొట్టామె వేషం వేసిన అమ్మాయి లేచి, "నేను వాడికి చెప్పింది వీడికెలా తెలుస్తుంది సార్? మా ఆయనకు పక్షవాతం అన్నాను, అది నోటులోనే లేదు" అంది. నిజంగానే కోపంగా అంది, పెళ్లి కూడా కాని పిల్ల. ఆ తర్వాత తీర్పు చదవమంటే ఇంగ్లీషు కష్టమని ఒక్కరూ అనలేదు. తమ మాట ఆ పెద్దాయన ఎలా రాశాడో చూద్దామని చదివారు.

అక్కడితో ఆపితే మళ్లీ పైపై చదువే అవుతుంది. ఎందుకంటే వెంటనే ఒకడు లేచి అడగాలి, అడుగుతాడు కూడా: "ఏ ఆఫీసులోనైనా గుమస్తా నోటు పెడతాడు, పెద్దాయన సంతకం పెడతాడు. అలాగైతే సర్కారు పనంతా చెల్లదా?" మంచి ప్రశ్న. ఇంగ్లండులో ఆర్లిడ్జ్ కేసులో పెద్ద కోర్టు దీన్ని తప్పు పట్టలేదు. ఇన్‌స్పెక్టరు విని బోర్డు తేల్చినా సరే అంది, ప్రభుత్వ శాఖ పనితీరే అంత అని. మన సుప్రీంకోర్టు అందుకు భిన్నంగా వెళ్లింది. ఇంకా తమాషా, గుల్లపల్లి వారిదే రెండో కేసు 1959లో మళ్లీ వచ్చింది. ఈసారి ముఖ్యమంత్రి స్వయంగా కూర్చుని విన్నాడు, ఆయనే తేల్చాడు. ఆయన కూడా ఆ శాఖ మనిషే, పక్షపాతి అని బస్సుల వాళ్లు వాదించారు. ఓడిపోయారు. కార్యదర్శి వింటే తప్పయినది మంత్రి వింటే ఎలా సరి? ఈ ప్రశ్న ఇచ్చి వారం రోజులు జవాబు చెప్పను. పిల్లలు నన్ను తిట్టుకుంటారని తెలుసు. వారం తర్వాత వచ్చే జవాబుల్లో సగం తప్పులే. కానీ తప్పు జవాబు రాసినవాడు కూడా ఈ రెండు కేసులనూ ఇక జన్మలో కలగలపడు.

ఒడిశా కేసు ఒకటి ఇంతకన్నా దగ్గరగా తగులుతుంది. బీనాపాణి దేయి అనే ప్రభుత్వ డాక్టరు. ఉద్యోగంలో చేరేటప్పుడు 1910లో పుట్టానని రాసింది. తర్వాత ప్రభుత్వం విచారణ చేయించి, కాదు 1907లో పుట్టావని తేల్చి రిటైరు చేసేసింది. ఆ విచారణ నివేదిక ఆమెకు చూపించలేదు, జవాబు చెప్పుకునే సరైన అవకాశం ఇవ్వలేదు. 1967లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన చెప్పింది. అది ఉత్త పరిపాలనా ఉత్తర్వే కావచ్చు, కానీ మనిషి హక్కులు, బతుకు దానివల్ల దెబ్బతింటున్నప్పుడు ఆ మనిషికి సంగతి తెలిపి వినాల్సిందే అంది. క్లాసులో ఇది చెప్పే ముందు రోజు ఒక హోంవర్కు ఇస్తాను: ఇంట్లో అరవై దాటినవాళ్ల ఆధార్ కార్డు మీద పుట్టిన తేదీ చూసి రండి. మర్నాడు చూడాలి. జనవరి 1లు, జూలై 1లు వరుసకట్టి వస్తాయి. బడిలో చేర్చిన మేష్టారు ఏది రాస్తే అదే పుట్టినరోజు మనవాళ్లకు. ఒక పిల్ల వాళ్ల నాయనమ్మ కార్డు చూసొచ్చి, కార్డు ప్రకారం నాయనమ్మ తన పెద్ద కొడుక్కన్నా పదకొండేళ్లే పెద్ద అని చెప్పింది. రేపు పింఛను ఆఫీసు ఈ తేదీ పట్టుకుని పింఛను ఆపితే? ఆ ముసలావిడకు ఎవరు ఏం చెప్పాలి, ఎలా వినాలి? అప్పుడు బీనాపాణి దేయి పేరు కింద గీత గీయమని నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కాస్త జాగ్రత్తగా రాయాల్సిన సంగతి. నియమగిరి గురించి మన సంఘంలో రెండు అభిప్రాయాలున్నాయి. ఫ్యాక్టరీ వస్తే పిల్లలకు ఉద్యోగాలన్నవాళ్లు ఉన్నారు, కొండ పోతే ఏమీ మిగలదన్నవాళ్లు ఉన్నారు. క్లాసులోనూ అంతే. ఆ వాదనలో నేను తల దూర్చను. ఒకటే అడుగుతాను: 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఏం తేల్చింది? రాయగడలో పుట్టిన పిల్లలు కూడా "గని ఆపేసింది" అంటారు. ఆపలేదు. ఎవరు తేల్చాలో, ఏ పద్ధతిలో తేల్చాలో చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద అక్కడి వాళ్ల హక్కులు, ఆ కొండ మీద వాళ్ల దేవుడు నియమరాజాకు సంబంధించిన హక్కులు ఏమైనా దెబ్బతింటాయా అన్నది గ్రామసభలు చూడాలి, జిల్లా జడ్జి స్థాయి అధికారి అక్కడ కూర్చుని చూస్తుండాలి, ఆ తర్వాత కేంద్ర పర్యావరణ శాఖ తుది నిర్ణయం చేయాలి అంది. జూలై 18న మన జిల్లాలోని సెర్కపాడిలో మొదలై ఆగస్టు 19న జరపాలో ముగిసింది. పన్నెండు గ్రామసభలు, పన్నెండూ వద్దన్నాయి. కేంద్రం 2014 జనవరిలో అనుమతి నిరాకరించింది. అంటే కోర్టు చేసింది చిన్న పనీ కాదు, మనం అనుకున్న పనీ కాదు.

ఈ తేడా పట్టుకున్న పిల్లలకు అక్కడి నుంచి ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. కొండ చుట్టూ నూరుకు పైగా ఊళ్లుంటే పన్నెండే ఎందుకు? ఆ పన్నెండూ ఎంచింది ఎవరు? రాష్ట్ర ప్రభుత్వం. మరి ఆ ఎంపిక విచక్షణా, సారు ఇష్టమా? సభలు వద్దన్నాక కేంద్రం ఔనని ఉండవచ్చా? ఇవి పరీక్షలో రావు. వచ్చే అవకాశమూ లేదు. కానీ ఈ ప్రశ్నలు తమంతట తాము వేసుకున్నవాడికి "డెలిగేషన్", "ఫెయిర్ హియరింగ్" అన్న మాటలు ఇక ఉత్త మాటలు కావు.

ఆ రోజునే కువి మాట్లాడే ఒక అమ్మాయి, మామూలుగా నోరు విప్పని పిల్ల, ఒక మాట అంది. "వినడం అంటే వాళ్ల భాషలో వినాలి కదా సార్. అర్థం కాని భాషలో నోటీసిస్తే ఇచ్చినట్టా?" మన తెలుగు పిల్లలు ఒక్కసారి ఆ అమ్మాయి వైపు తిరిగారు. ఒడియాలో వచ్చిన నోటీసు పట్టుకుని పక్కింటికి పరుగెత్తే అమ్మమ్మలు వీళ్ల ఇళ్లలోనూ ఉన్నారు మరి. అప్పుడు రాజ్యాంగం 350వ అధికరణ తీయించాను. ఏ బాధ గురించైనా ఏ అధికారికైనా కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. తెలుగులో అర్జీ ఇస్తే "ఒడియాలో రాసుకురా" అని తిప్పి పంపడానికి వీల్లేదు. జవాబు కూడా తెలుగులోనే రావాలని మాత్రం అందులో లేదు. సభ్యులు ఈ రెండు వాక్యాలూ గుర్తుపెట్టుకుంటే చాలు, ఇంత పొడుగు రాసినందుకు నాకు ఫలితం దక్కినట్టే.

చరిత్ర గురించి క్లుప్తంగా. అధికారాల విభజన అనగానే పిల్లలు మాంటెస్క్యూ అని మొదలెడతారు. ఫ్రాన్సు దాకా ఎందుకు? 1839లో 24వ నంబరు చట్టం చేసి గంజాం, విశాఖపట్నం జిల్లాల ఏజెన్సీ ప్రాంతాన్ని మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించారు. కలెక్టరే గవర్నరు ఏజెంటు. పన్ను వసూలు ఆయనే, తగవు తీర్చేదీ ఆయనే. జయపురం సంస్థానం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేవరకు విశాఖపట్నం జిల్లాలోదే కదా. అన్ని అధికారాలూ ఒకే కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో మన ముత్తాతలు చూశారు. ఇది చెప్పాక మాంటెస్క్యూ పది నిమిషాల పని.

అభ్యంతరాలు వచ్చాయి, రాకుండా ఎలా ఉంటాయి? ఇలా చెబితే సిలబసు అవదు. నిజమే, అవదు. ఫ్రాన్సు పరిపాలనా కోర్టుల గురించి, నిర్వచనాల గురించి నేను ఒక్కో గంట కూడా పెట్టను, నోట్సు ఇచ్చేసి చదువుకోమంటాను. ర్యాంకు పిల్లలు దీనికి గింజుకుంటారు, ఎందుకంటే ఆ పాత అచ్చులో వాళ్లు దిట్టలు. పగలు పనిచేసి వచ్చేవాళ్లకు వేషాలు వేయడానికి ఓపిక ఉండదు, కొందరు హాజరు కోసమే వస్తారు. అందరికీ పట్టుబడుతుందని నేననను. యూనివర్సిటీ పేపరు నా చేతిలో లేదు. ఇంటర్నల్ మార్కులు మాత్రం ఉన్నాయి. అవి మొత్తం ఒకే పనికి పెడతాను: మొదటి రోజు పంచిన ఆ ఒకటిన్నర లైన్ల ఆర్డరును, నువ్వే ఆ ఆఫీసరువైతే ఎలా రాస్తావో రాసుకురా. మంజూరు చేస్తావో తిరస్కరిస్తావో నీ ఇష్టం. కాదు, నీ విచక్షణ.

ఇందులో నేను ఊహించనిది ఒకటి బయటపడింది. ఏడాదంతా దరఖాస్తుదారు పక్షాన కోప్పడిన పిల్లలు, కుర్చీలో కూర్చోబెట్టగానే సగానికి పైగా తిరస్కరించారు. అదీ అసలు ఆఫీసరు కన్నా కటువుగా. "కాగితాలు సరిగా లేవు, మళ్లీ రావలెను." ఏ కాగితం? రాయలేదు. ఎందుకురా అంటే ఒకడు నిజాయితీగా చెప్పాడు: "మంజూరు చేస్తే రేపు ఎవరైనా నన్నడుగుతారు సార్. తిరస్కరిస్తే ఎవరూ అడగరు." ఆడిటు వస్తుంది, విజిలెన్సు వస్తుంది, ఇచ్చినవాడినే పట్టుకుంటుంది, ఇవ్వనివాడిని ఎవరూ పట్టుకోరు. ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఆఫీసు లోపలి భయం మొత్తం అర్థమైపోయింది. ఆ ఒకటిన్నర లైన్లు రాసిన గుమస్తా అతనికి ఇప్పుడు దుర్మార్గుడు కాడు, భయపడ్డ మనిషి. కారణాలు రాయించడం ఎందుకంత కష్టమో, కోర్టులు ఇన్నేళ్లుగా ఎందుకు అదే మాట మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోందో ఆ రోజే నాకూ కొంచెం ఎక్కువ తెలిసింది. ఈ పిల్లల్లో కొందరు రేపు ఓఏఎస్ రాస్తారు, తహసీల్దార్లవుతారు, జుడీషియల్ సర్వీసుకు వెళతారు. మన అర్జీ వాళ్ల బల్ల మీదికే వస్తుంది.

గుణుపురం సభ్యుడికి అక్కడే జవాబు పెట్టాను: గైడు ఏదో ఒకటి కొనండి, పరీక్ష ముందు వారానికి పనికొస్తుంది. దానితోపాటు గుల్లపల్లి తీర్పు రెండూ ప్రింటు తీయించి ఇవ్వండి, మీరూ చదవండి. బస్సుల గొడవే కాబట్టి మీకూ బాగుంటుంది.

ఇక సంఘానికి నా విన్నపం. మన ఇళ్లలో ట్రంకు పెట్టెల నిండా పాత ఆర్డర్లున్నాయి. లైసెన్సువి, పింఛనువి, కులం సర్టిఫికెట్టువి, స్థలాలవి. వాటి జెరాక్సులు క్లాసుకు కావాలి. పేరు, ఇంటి నంబరు, ఆధార్ నంబరు మీరే నల్లగా కొట్టేసి ఇవ్వండి. ఒడియాలో ఉన్నా, ఇంగ్లీషులో ఉన్నా ఫర్వాలేదు. నడుస్తున్న కేసు కాగితాలు వద్దు, పిల్లలు ఇంకా వకీళ్లు కారు, మీకు సలహా చెప్పే అధికారం వాళ్లకు లేదు. తిరస్కరించినవే కాదు, మంజూరైనవి కూడా ఇవ్వండి. వాటిలోనూ కారణాలుండవు, పని అయిపోయింది కాబట్టి మనం చూసుకోం, అంతే. ఆదివారం పది గంటల నుంచి పన్నెండు దాకా సంఘం గదిలో ఉంటాను. జెరాక్సు చాలు. ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి, నాకు కూడా.